నాలుక మీద ఒట్టు

లివరు చెడిపోయి మంచం పట్టిన మనిషిని చూడటానికి వచ్చేవాళ్ళు ఏం తెస్తారు? దానిమ్మకాయలు తెస్తారు. కొబ్బరిబోండాలు తెస్తారు. ఏమీ తోచనివాళ్ళు బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకొస్తారు. నా తమ్ముడు బీరు సీసా తెచ్చాడు.

చిత్తూరులో ఎండలు మాడ్చేస్తున్న రోజులవి. వాడు బెంగళూరు బస్సు దిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చి, సంచిలోంచి పాత పేపర్లో చుట్టిన సీసా బయటికి తీశాడు. గోధుమరంగు గాజు, మూతి మీద ఎర్రటి మైనం. గుమ్మంలోనే వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఏందిరా అది?"

"బావకు చూపించాలని తెచ్చినా క్కా. పోయినేడు బెల్లం ఇప్పించినాడు కదా, దాంతో చేసింది. ఇప్పుడే పీపాలోంచి తీసినాం."

"చూపించేదానికి అదేమన్నా సామి పటమా? లోపల మనిషి ఎట్లుండాడో తెలిసే తెచ్చినావా? బుద్ధుండాదా నీకు?"

 వాడు బెంగళూరులో బీరు కాచే చిన్న కంపెనీలో పనిచేస్తాడు. అందరూ తమ చేత్తో చేసింది తెచ్చి చూపించినట్టే వాడూ తెచ్చాడు. అది నాకు తెలియక కాదు. ఆ రోజుల్లో ఎవరో ఒకరి మీద అరిస్తే గానీ నాకు అన్నం దిగేది కాదు.

మా ఆయన పెళ్ళిళ్ళ వంటమేస్త్రీ. పలమనేరు నుంచి పుత్తూరు దాకా ఆయన గరిటె తిరగని కల్యాణమండపం లేదు. నేను మునిసిపల్ బడిలో తెలుగు టీచర్ని. టీచరమ్మకు వంటాయనతో పెళ్ళేమిటని మావాళ్ళు నసిగారు. పెళ్ళిచూపుల నాడు మా అమ్మ కంగారులో ఉప్మా మాడబెడితే, పెళ్ళికొడుకే లేచి వంటింట్లోకి పోయి ఇంకోటి చేసుకొచ్చి అందరికీ పెట్టాడు. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. దేవుడికి ఆకు వేసేదాకా మేస్త్రీ నోట్లో మెతుకు పెట్టుకోకూడదు. మరి అండాల కొద్దీ చేసే సాంబారులో ఉప్పు సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తుంది? అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని, రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. ఇంకా అనుమానం ఉంటే పెళ్ళివాళ్ళలో ఎవరినో పిలిచి, వాళ్ళ చేతిలో గరిటెడు పోసి, నాలుక మొనకు ఏం తగిలింది, మింగినాక ఏం మిగిలింది అని వరసగా అడుగుతాడు. వాళ్ళు చెప్పేదాన్ని బట్టి ఉప్పో పులుపో సర్దుతాడు. "దేవుడి కంటే ముందు వాళ్ళు తిన్నట్టు కాదా?" అని నేనడిగితే, "అది వాళ్ళ పాపం మే, నాది కాదు" అని నవ్వేవాడు.

గాడిపొయ్యి సెగలో గంటల తరబడి నిలబడ్డవాళ్ళకు, వంట దిగాక పెళ్ళివాళ్ళే బ్రాందీ పంపిస్తారు. అది మర్యాద. తాంబూలం ఎట్లాగో అదీ అట్లాగే. ఆ మర్యాదలోనే ఆయన మునిగిపోయాడు. మొదట పెళ్ళిళ్ళున్న రోజుల్లో తాగాడు, తర్వాత లేని రోజుల్లోనూ తాగాడు. ఆ ఏళ్ళ గురించి నేను ఎక్కువ రాయను. తాగుబోతు ఇంట్లో ఆడది ఏం పడుతుందో తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా తెలియదు.

మా పాప ఏడో తరగతిలో ఉండగా మా అత్త ఆయన్ని కాణిపాకం లాక్కుపోయింది. మేమూ వెళ్ళాం. కాణిపాకం వినాయకుడి ముందు చేసిన ప్రమాణానికి మా వైపు కోర్టు తీర్పుకన్నా ఎక్కువ బలం. దొంగతనం చేయలేదని చేస్తారు, తాగుడు మానేస్తామని చేస్తారు. తప్పితే సామి వదలడని నమ్ముతారు. ఆయన తడిబట్టలతో నిలబడి "ఇంగ మందు ముట్టను సామీ" అన్నాడు. అంతటితో అయిపోయేది. కానీ మా అత్తకు నమ్మకం చాల్లేదు. పాపను రెక్క పట్టుకుని ముందుకు లాగింది.

"దీని తల మీద సెయ్యి పెట్టి సెప్పరా. సుక్క నీ నాలిక్కి తగిల్తే దీనికి తగలాల అని సెప్పు."

ఆయన పాప తల మీద చెయ్యి పెట్టాడు. అత్త చెప్పించినట్టే చెప్పాడు. పాప కళ్ళు పెద్దవి చేసుకుని వాళ్ళ నాయన మొహంలోకే చూస్తూ నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. బయటికి రాగానే అత్తను నిలదీశాను. కన్నకొడుకు తల ఉండగా నా బిడ్డ తల ఎందుకు మధ్యలోకి తెచ్చావని అడిగాను.

"వానికి వాని తల మీద ఆశ లేదు మే. బిడ్డ మీద ఉండాది" అంది.



ఒట్టు నిలబెట్టుకున్నాడు. అబద్ధమెందుకు చెప్పాలి, ఒక్కనాడూ తప్పలేదు. పెళ్ళివాళ్ళు పంపిన సీసాలు తోటి వంటవాళ్ళకు ఇచ్చేసి తాను మజ్జిగ తాగేవాడు. అయినా పాపకు జ్వరం వస్తే నా చూపు ముందు ఆయన మొహం మీదికే పోయేది. ఆయనకు అర్థమయ్యేది. "నేను కాదు మే" అనేవాడు.

కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. లివరు అప్పటికే గట్టిపడిపోయింది. ముందు కాళ్ళు వాచాయి. తర్వాత పొట్టలో నీళ్ళు చేరాయి. కళ్ళు పసుపు పూసినట్టయ్యాయి. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయి నీళ్ళు తీయించాం, మళ్ళీ చేరాయి. మళ్ళీ తీయించాం. చివరికి ఒక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, తమిళమూ తెలుగూ కలిపి, ఇంక ఇంట్లోనే ఉంచుకోమ్మా, ఇష్టమైనవాళ్ళ మధ్య ఉండనియ్యి అని మెల్లగా చెప్పాడు. విషం తలకెక్కే రోజు వస్తుందనీ, అప్పుడు మనిషి మనిషిగా ఉండడనీ, భయపడొద్దనీ చెప్పాడు. మందులు రాసిచ్చాడు. ఉప్పు మాత్రం పెట్టొద్దన్నాడు.

వంటమేస్త్రీకి ఉప్పు పెట్టకూడదు! ఉప్పు లేని సంగటి, ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని మజ్జిగ. దానికితోడు పూటపూటకీ చిక్కటి తీపి సిరప్పు, కడుపులో విషం బయటికి పోవడానికి. పిడికెడు పిడికెడుగా మనిషి కరిగిపోతున్నా ఆయన దాని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. "నా నాలిక సచ్చిపోయింది మే. నాకన్నా ముందే పోయింది" అని మాత్రం రోజూ అనేవాడు.

ఆ నాలుక ఉన్న ఇంటికి నా తమ్ముడు ఆ సీసా తెచ్చాడు.

గుమ్మంలో మా గొడవ లోపలికి వినబడింది. "యాడ నిలబెట్టినావు వాణ్ణి? లోపలికి రానీ. నా బెల్లం తెచ్చినాడు వాడు" అని మంచం మీదనుంచే కేకేశాడు. ఆ గొంతులో అంత హుషారు విని ఎన్నాళ్ళయిందో. నేను చెయ్యి వదిలేశాను.

బెల్లం సంగతి కూడా చెప్పాలి. అంతకు ముందటేడు, ఆయన ఇంకా నడవగలుగుతున్నప్పుడు, తమ్ముడు ఫోన్ చేసి, నల్ల బీరు ఒకటి చేయబోతున్నాం బావా, మాడువాసన ఉండే బెల్లం కావాలి అన్నాడు. ఈయన వాచిన కాళ్ళతో చెరుకు గానుగలన్నీ తిరిగాడు. మా జిల్లాలో నల్లబెల్లం అడిగేవాణ్ణి ఎవరూ మంచి కళ్ళతో చూడరు. నాటుసారా కాచేవాళ్ళే అది అడుగుతారు. "ఏం మేస్త్రీ, మళ్ళా మొదులు పెట్టినావా?" అని ఒకాయన ఎగతాళి చేశాడట. ఇంకొకాయన పోలీసులకు భయపడి అమ్మనే అమ్మనన్నాడట. ఎట్లాగో ఒకచోట దొరికించుకుని, దిమ్మె విరిచి వాసన చూసి, ఇదే అని పంపించాడు. తన కాళ్ళ మీద తిరిగి చేసిన చివరి పని అది.

తమ్ముడు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మైనం గీకాడు. బార్లీ గింజల్ని కాఫీగింజల్లాగా నల్లగా వేయించి కాస్తారట. బెల్లం వేసి పులియబెడతారట. ఆ తర్వాత విస్కీ నిలవుంచిన పాత ఓక్ పీపాలో పోసి ఏడాది కదిలించకుండా పెడతారట. మామూలు బీరు కంటే రెండింతలు ఘాటట.

"దీన్ని ఇంపీరియల్ స్టౌట్ అంటారు బావా."

"పేరు దండిగానే పెట్టినారు. పొయ్యరా, సూస్తాం."

స్టీలు గ్లాసులో పోశాడు. చీకటిలా నల్లగా ఉంది. పైన టీ డికాక్షన్ మీద వచ్చేలాంటి నురగ. గ్లాసు ఆయన ముక్కు దగ్గర పెట్టాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎంతసేపు పీల్చాడో. పెదవులు మెల్లగా కదులుతున్నాయి. వీధిలో ఎవరో నీళ్ళ ట్యాంకరు కోసం కొట్లాడుకుంటున్నారు. ఆయనకు ఏదీ వినబడలేదు.

కళ్ళు తెరిచి నావైపు చూశాడు. "రవంత" అన్నాడు.

"రవంత ఏంది?"

"నాలిక్కి అంటించుకుంటా. మింగను మే. ఉమ్మేస్తా."

"ఏమయ్యా, తెలివుండే మాట్లాడతా ఉండావా?"

"మందు కోసం కాదు మే. రుచి కోసం."

ఒళ్ళునొప్పుల కోసం, నిద్ర కోసం, చలి కోసం, చచ్చిపోయిన స్నేహితుడి కోసం! అన్నీ విన్నాను నేను. మందు కోసం అని మాత్రం ఏ తాగుబోతూ ఎన్నడూ చెప్పడు. అయితే రుచి కోసం అనే మాట కొత్తది. అదొక్కటే నన్ను ఆపింది. నెలల తరబడి చప్పిడి తిండి తింటున్న మేస్త్రీ నాలుక అది. నిజమే చెబుతున్నాడేమో. నిజం కాకపోతే? పాప తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ పరీక్షలు రాస్తోంది. ఆటో ఎక్కుతుంది, రోడ్డు దాటుతుంది, గదిలో ఫ్యాను కింద పడుకుంటుంది. బడిలో పిల్లలకు మూఢనమ్మకాలు కూడదని పాఠం చెప్పినదాన్నే నేను. చెబితే చెప్పాను. నా కూతురి తల మాత్రం నా కూతురి తలే.

"కుదర్దు. పాప మీద ఒట్టుండాది."

వరండాలో చింతపండు గింజలు తీస్తున్న అత్త అక్కణ్ణుంచే అందుకుంది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఊరికే అన్లేదు పెద్దోళ్ళు."

"గమ్మునుండు మా. నేనేం తాగినానా ఇప్పుడు?" అన్నాడు.  నా తమ్ముడు గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"సరే. నువ్వు తాగు" అన్నాడు ఆయన, నన్ను చూసి.

"థూ!"

"నోట్లో పోసుకో మే. నేనడిగింది సెప్పు. పెండ్లిండ్లలో అడగనా, అట్లా. నా నాలిక్కి తగలదు, నీ నాలిక్కే తగుల్తాది. ఒట్టుకేమీ కాదు."

నేను పుట్టి బుద్ధెరిగాక మందు వాసన వస్తే ముక్కు మూసుకున్నదాన్ని. దానివల్ల నా సంసారం ఎట్లయిందో ఆ గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. అయినా ఆ పచ్చటి కళ్ళలో చిన్నపిల్లాడి ఆశ ఒకటి కనబడింది. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. గ్లాసు లాక్కున్నాను.

చల్లగా కూడా లేదు. ఆముదంలా చిక్కగా నాలుక మీదికి దిగింది. ముందు చేదు. తర్వాత గొంతులో మంట. చెవులు వేడెక్కాయి.

"విషం. వేపాకు కషాయం నయం. దీంట్లో నీకేమీ లేదు" అన్నాను.

"నీ మొహం ఆ మాట అన్లేదే. వేపాకైతే కుడి కన్ను మూస్తావు నువ్వు. రెండూ తెరుసుకోనుండావు. మళ్ళా పోసుకో. ఎమ్మటే మింగద్దు. నాలిక మొనకు ఏం తగిలింది?"

రెండోసారి నిజంగానే రుచి చూశాను.

"తీపి. బెల్లం పాకం అడుగంటతానే వచ్చే తీపి."

"పక్కల్లో?"

"పులుపు. చింతపండు కాదు. ఎండుద్రాక్ష నానబెట్టినట్టు."

"నడిమిన?"

"కాఫీ. పాలు లేని కాఫీ."

"ఇప్పుడు మింగు. ఏం మిగిలింది?"

"కట్టె. తడిసిన కట్టె. ఇంకోటేదో కూడా ఉండాది. పాయసం మాదిరి."

"వెనిల్లా క్కా. పీపా కట్టెలోంచి వస్తాది" అన్నాడు తమ్ముడు. వాడికి ప్రాణం లేచొచ్చింది.

"కొబ్బరి ఏసినావు కదరా. ఎండుకొబ్బరి" అన్నాడు ఆయన.

"లేదు బావా. అది కూడా కట్టెదే."

"కొబ్బరి ఎయ్యకుండా కొబ్బరి వాసన యాడనుంచి వస్తాది? నాకే సెప్తావా!" అని నవ్వాడు. తమ్ముడు అమ్మతోడు వేయలేదన్నాడు. ఆయన నమ్మలేదు. నవ్వితే నీళ్ళు నిండిన పొట్ట నొప్పి పుట్టి, రెండు చేతులతో పట్టుకుని మూలిగాడు, మూలుగుతూ కూడా నవ్వాడు. నొప్పి తగ్గాక మెల్లగా అడిగాడు.

"ఉప్పు తగిలిందా మే?"

వెతికాను. పెదవి చివర ఉప్పగా ఏదో ఉంది. నా చెమటే అయ్యుండొచ్చు.

"ఉండాది. రవంత" అన్నాను.

ఆయన గుటక వేశాడు. గొంతులో ముడి పైకీ కిందికీ కదలడం కనబడింది. "పాకం ఒక వాసి ముదిరింది. ఆ గానుగాయన మంట తగ్గియ్యలేదు. నేను సూసుకోవాల్సింది" అని తనలో తాను అనుకుని, ఆ మధ్యాహ్నం మాత్ర లేకుండా నిద్రపోయాడు.

నాకు బాగుందా? బాగుంది. చెప్పడానికి సిగ్గెందుకు? బాగుండటం వల్లనే నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏళ్ళ తరబడి తాగింది ఇట్లాంటిది కాదు. ఏ రుచీ లేని చవక బ్రాందీ. సాంబారులో ఇంగువ ఎంత పడిందో వీధి చివర్నుంచి చెప్పగల మనిషి, ఆ ముక్కునూ ఆ నాలుకనూ తీసుకుపోయి ఆ చెత్తలో ముంచాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

తమ్ముడు మరునాడు బస్సెక్కాడు. సీసాలో సగానికి పైగా మిగిలింది. పారబోస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "నా బెల్లముండాది దాంట్లో" అన్నాడు. బియ్యం డబ్బాలో పెట్టాను. అప్పుడప్పుడూ అడిగేవాడు. బిరడా తీసి ముక్కు దగ్గర పెట్టేదాన్ని. పీల్చి, చాలు అన్నట్టు చెయ్యి ఊపేవాడు. ఒక్కసారి కూడా రెండోమాట అనలేదు. సరే, ఈయన అడిగింది రుచి కోసమే అని నేను నిమ్మళపడ్డాను.

తర్వాత డాక్టరు చెప్పిన రోజు వచ్చింది.

పొద్దున లేచేసరికి ఆయన నన్ను ఎవరో పెళ్ళివాళ్ళ మనిషి అనుకున్నాడు. "కూర్చోండమ్మా, టిఫిను అయిపోతా ఉండాది" అన్నాడు. చేతులు గాల్లో గరిటె తిప్పుతున్నాయి. "నీళ్ళు పొయ్యండ్రా, అడుగంటతా ఉండాది" అని కేకలు. సిరప్పు నోట్లో పోస్తే ఉమ్మేశాడు. వేలూరుకు ఫోన్ చేశాను. తీసుకొస్తే తీసుకురండి, దారిలో ఏమైనా కావచ్చు అన్నారు. పాపకు చేశాను. ఆఖరు పరీక్ష ఆ రోజే. రాసిన వెంటనే బస్సెక్కి వస్తానంది.

మధ్యాహ్నానికి కేకలు మారాయి.

"మందియ్యే. ఒక క్వార్టరియ్యే. గొంతు మండిపోతా ఉండాది."

నీళ్ళిస్తే గ్లాసు విసిరేశాడు. ఆ గొంతు నాకు తెలుసు. కాణిపాకానికి ముందు ఏళ్ళలో వినేదాన్ని. చచ్చిపోయిందనుకున్న ఆ మనిషి లేచి వచ్చి నా మొగుడి మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను రాయలేని తిట్లు తిట్టాడు. "ఇంట్లోనే ఉండాది, నాకు వాసన తెలుస్తా ఉండాది. బియ్యంలో దాసిపెట్టినావు, దొంగముండా" అన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. అయితే ఆ రోజు నా చేత తాగించి ప్రశ్నలు వేసింది ఎవరు? నా మొగుడా, ఈ పాత తాగుబోతా? రుచి కోసం అన్నదీ అబద్ధమేనా?

మా అత్త మంచం కోడు పట్టుకుని కూలబడింది. అంత మొండి మనిషి ఏడుస్తోంది.

"ఇచ్చెయ్ మే. పోయే మనిషి. నోరు తడిపి పంపిస్తాం. ఆ ఒట్టు నేనెత్తుకుంటా. తగిల్తే నాకు తగల్నీ."

"ఎత్తుకునేదానికి అదేమన్నా నీళ్ళబిందా అత్తా? ఆ పొద్దు నీ తల ఎందుకు పెట్టలేదు?" అని అరిచాను. "నా బిడ్డ బస్సులో ఉండాది ఇప్పుడు. బస్సులో!"

అత్త కళ్ళు తుడుచుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచి, వంటింటి వైపు నడిచింది. ఆమె అడుగులు చూస్తే నాకు అర్థమైంది. ఆమెను తోసుకుని ముందుకు పోయాను. డబ్బాలోంచి సీసా లాగాను. తూములో పారబోయబోయాను, చెయ్యి రాలేదు. వాచిన కాళ్ళతో ఆయన గానుగలెంట తిరగడం కళ్ళ ముందు ఆడింది. దాచడానికి ఆ ఇంట్లో అత్తకు తెలియని చోటు లేదు. లోపలినుంచి ఆయన నా పేరు పట్టుకుని అరుస్తున్నాడు. బిరడా పీకి, నిలబడినచోటనే ఎత్తి తాగేశాను. నురగ ఎప్పుడో పోయింది. ఏ రుచీ వెతకలేదు. ముక్కులోంచి కారుతున్నా, దగ్గు వస్తున్నా, గటగటా తాగాను. సీసా ఖాళీ అయ్యేదాకా అత్త నా ముందు నిలబడి చూస్తూనే ఉంది.

గదిలోకి వచ్చేసరికి కాళ్ళు తేలిపోతున్నాయి. ఆయన అరుపు ఆపేశాడు. ముక్కుపుటాలు కదిలాయి.

"ఇట్లా రా" అన్నాడు.

కొడతాడేమో అనుకున్నాను. కొట్టనీ అనుకుని దగ్గరికి వంగాను.

"ఊదు" అన్నాడు.

తాగొచ్చిన రోజుల్లో నేను ఆయన్ని గడప దాటనివ్వకుండా అడ్డం నిలబడి అనే మాట అది. తెలిసే అన్నాడో, పాడైపోయిన బుర్రలో ఏ మూలనుంచి అది దొర్లి వచ్చిందో నాకు తెలియదు. ఆయన మొహం మీద ఊదాను. పీల్చాడు. "ఊదు" అన్నాడు మళ్ళీ. మళ్ళీ ఊదాను. తల తిరిగేదాకా, మంచం పట్టె మీద పడిపోయేదాకా ఊదుతూనే ఉన్నాను. ఆయన పిడికిళ్ళు విడిపోయాయి. గాల్లో గరిటె తిప్పే చేతులు పక్కన వాలాయి. ఆ తర్వాత ఆయన ఏమీ అడగలేదు. సాయంత్రం దాకా గురకలాంటి ఊపిరి నడిచింది. తర్వాత అదీ ఆగింది.

దీపాలు పెట్టే వేళకు పాప వచ్చింది. పరీక్ష అట్ట ఇంకా చేతిలోనే ఉంది. వాళ్ళ నాయన మీద పడి ఏడ్చింది. లేచి నా దగ్గరికి వచ్చి, చటుక్కున ఆగి, వాసన చూసింది.

"నాయన తాగినాడా మా?"

"లేదు పాపా. ఒక్క చుక్క కూడా నాలిక్కి తగల్లేదు. నీ మీద ఒట్టు తప్పలేదు. మిగిలింది నేను తాగేసినా, మీ అవ్వ ఇచ్చేస్తాదని."

అది విని ఊరట పడుతుందనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను కాపాడుకుంటూ వచ్చిన బిడ్డ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"అడిగినాడా?"

"అడిగినాడు."

"ఇచ్చుండాల్సింది మా. నా తల కదా. ఒక్కసారి ఫోన్ చేసి నన్ను అడిగింటే ఇచ్చెయ్యమనేదాన్ని."

 పాప చెంబుతో నీళ్ళు తెచ్చి, చున్నీ కొంగు తడిపి, ఎండిపోయిన వాళ్ళ నాయన పెదవులు తుడుస్తూ కూర్చుంది.